రశీదు ఉన్నవాళ్ళకే రాయితీ
ఆరోగ్య బీమా మీద పన్ను క్రెడిట్లు ఎవరి ఇంటి ఖర్చు తగ్గిస్తాయి?

మాలో ఒకరికి ఆ మధ్య డిగ్రీ కాలేజీలో లెక్చరర్ కొలువు దొరికింది. వాళ్ళ ఇంట్లో నెల జీతం కళ్ళజూసిన మొదటి మనిషి ఆమె. ఆదాయపు పన్ను లెక్క కోసం ఆఫీసులో అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ ఒక ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి ఉంది. వైద్య బీమా ప్రీమియం ఎంత కట్టారో రాసి రశీదు పెట్టాలి. ఆమె దగ్గర ఆ రశీదు లేదు. ఇంకో కాగితం ఉంది. తండ్రికి షుగరు పుండు ముదిరితే నెలల తరబడి కట్లు కట్టించడానికి, మందులకు తల్లి కమ్మలు కుదువబెట్టి, నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు చీటీ అది. ఆ చీటీకి ఫారంలో గడి లేదు. అరవై నిండిన తల్లిదండ్రులకు బీమా లేకపోతే వైద్యం ఖర్చు చూపించుకునే వీలుంది గాని, అది కూడా నగదుగా ఇచ్చింది చెల్లదు. ఆ తండ్రికి యాభై నాలుగేళ్ళు. "పాలసీ ఉన్నోళ్ళకే మేడమ్" అన్నాడట గుమాస్తా.

గుమాస్తా తప్పేమీ లేదు. చట్టం రాసినవాళ్ళు ఏ ఇంటిని కళ్ళముందు పెట్టుకొని రాశారో ఆ ఇంటికే అందులో గడులున్నాయి. మందుల ఖర్చు అందరికీ ఉంటుంది. ప్రభుత్వం ఆ ఖర్చును పన్నుల దారిలో తగ్గించాలనుకున్నప్పుడు ఎవరికి ఎంత తగ్గుతుంది? ఎవరికి అసలే తగ్గదు? ఈ ప్రశ్న మీద ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద ప్రయోగం అమెరికాలో జరిగింది. అక్కడ 2014 నుంచి నడుస్తున్న ఆరోగ్య బీమా టాక్స్ క్రెడిట్‌ను మనం వివరంగా తెలుసుకోవాలి. అక్కడి నల్లజాతి పేదల అనుభవం మనకు పనికొచ్చే పాఠం కాబట్టి తెలుసుకోవాలి.

మినహాయింపు వేరు, క్రెడిట్ వేరు

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. వాడుకలో రెండింటినీ 'రాయితీ' అనే అంటాం. కాని కుటుంబం చేతికి వచ్చేసరికి అవి ఒకటి కాదు.

మన దేశంలో 80డి సెక్షన్‌గా అందరికీ తెలిసినది మినహాయింపు. కట్టిన ప్రీమియంను ఆదాయంలోంచి తీసేసి, మిగిలిన దాని మీద పన్ను వేస్తారు. ఇద్దరూ తమ కుటుంబానికి 25,000 రూపాయల ప్రీమియమే కట్టారనుకోండి. 30 శాతం పన్ను పడే అధికారికి 7,500 రూపాయలు మిగులుతాయి. 5 శాతం పన్ను పడే చిన్న ఉద్యోగికి 1,250 మిగులుతాయి. పన్ను పడేంత ఆదాయం లేని కూలి మనిషికి మిగిలేది సున్నా. అంటే పైన ఉన్నవాడికి ఎక్కువ, కింద ఉన్నవాడికి తక్కువ, అట్టడుగున ఏమీ లేదు. సాయం తలకిందులుగా నడుస్తుంది. 

క్రెడిట్ అట్లా కాదు. అది ఆదాయంలోంచి కాక నేరుగా కట్టాల్సిన పన్నులోంచే తగ్గుతుంది. వెయ్యి రూపాయల క్రెడిట్ అంటే ఎవరికైనా వెయ్యి రూపాయలే. ఇందులోనూ రెండు రకాలు. పన్ను ఉంటేనే తగ్గించేది ఒకటి. పన్ను లేకపోయినా మిగిలిన పైసలు మనిషికే తిరిగి ఇచ్చేది ఇంకొకటి. మొదటిది పేదవాడిని మళ్ళీ బయటనే నిలబెడుతుంది. రెండోది లోపలికి రానిస్తుంది. అమెరికా ఆరోగ్య బీమా క్రెడిట్ ఈ రెండో రకం. పైగా ఏడాది చివరిదాకా ఆగకుండా నెలనెలా ముందే ఇస్తారు. ఆ పైసలు కుటుంబం చేతికి రావు. ప్రభుత్వం నుంచి బీమా కంపెనీకి పోతాయి. కుటుంబం మిగిలిన ప్రీమియం కడుతుంది.

పొలంలో ఉన్నవాళ్ళు, వంటింట్లో ఉన్నవాళ్ళు

అమెరికాలో బీమా ఎక్కువమందికి కొలువు ద్వారానే వస్తుంది. దీని వెనుక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాడు 1942లో జీతాలు పెంచకుండా ప్రభుత్వం కట్టడి పెట్టింది. జీతం పెంచలేని యజమానులు పనివాళ్ళను నిలుపుకోవడానికి బీమా ఇవ్వసాగారు. 1954 పన్ను చట్టం ఈ బీమా సొమ్మును ఉద్యోగి ఆదాయంగా లెక్కపెట్టనక్కరలేదని ఖాయం చేసింది. ఈనాటికీ అమెరికా పన్ను రాయితీలన్నిటిలో అతి పెద్దవాటిలో ఇది ఒకటి. ఇది మినహాయింపు లాంటిదే. ఎక్కువ జీతం ఉన్నవాడికే ఎక్కువ లాభం.

మరి ఆ నాటికి అట్లాంటి కొలువులు ఎవరికి ఉన్నాయి? దక్షిణాది నల్లజాతి జనంలో ఎక్కువమంది పత్తి పొలాల్లో, తెల్లవాళ్ళ వంటిళ్ళలో పనిచేసేవాళ్ళు. 1935 సామాజిక భద్రతా చట్టం వ్యవసాయ కూలీలను, ఇంటి పనివాళ్ళను వదిలేసింది. 1946లో ఆసుపత్రులు కట్టడానికి కేంద్ర నిధులిచ్చిన హిల్-బర్టన్ చట్టం నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ వేరు వేరు ఆసుపత్రులు కట్టుకోవడానికి ఒప్పుకుంది. 1963లో కోర్టు కొట్టేసేదాకా అది చట్టబద్ధంగానే నడిచింది. చట్టంలో 'నల్లవాళ్ళకు లేదు' అని ఎక్కడా రాయనక్కరలేదు. 'పొలం పనివాళ్ళకు లేదు' అని రాస్తే చాలు. ఈ విద్య మన దేశంలో పుట్టినవాళ్ళకు కొత్తగా చెప్పాల్సింది కాదు.

బ్లాక్ పాంథర్లు ఉచిత వైద్యశాలలు నడిపింది, 1972లో తమ పది అంశాల కార్యక్రమంలో ఉచిత వైద్యాన్ని హక్కుగా చేర్చింది ఈ నేపథ్యంలోనే. అదే ఏడాది బొంబాయిలో ఆ పేరు తీసుకొని దళిత పాంథర్లు పుట్టారు. పేరు, పోరాటం తీసుకున్నాం. వాళ్ళు దవాఖాన గురించి అడిగిన ప్రశ్నను మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు.

2010 చట్టం ఇంటి లెక్కను ఎట్లా మార్చింది

ఒబామా ప్రభుత్వం 2010 మార్చిలో తెచ్చిన చట్టం, కొలువు ద్వారా బీమా రాని వాళ్ళ కోసం క్రెడిట్ పెట్టింది. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దాని కిటుకు ఇది. బీమా ధర ఎంతైనా కానీ, కుటుంబం తన ఆదాయంలో ఫలానా శాతం కంటే ఎక్కువ కట్టనక్కరలేదు. ఆ శాతం ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది. ఆ ప్రాంతంలో దొరికే 'సిల్వర్' తరగతి పాలసీల్లో రెండో చౌక పాలసీని కొలబద్దగా తీసుకుంటారు. దాని ధరలోంచి కుటుంబం వాటా తీసేస్తే మిగిలేదే క్రెడిట్.

దీనివల్ల రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, కొలబద్ద పాలసీ ధర పెరిగితే ఆ బరువు క్రెడిట్ దొరికే కుటుంబం మీద పడదు, ప్రభుత్వం మీద పడుతుంది. రెండు, కంపెనీ ధర దీనివల్ల తగ్గదు. ఖర్చు చేతులు మారుతుందే గాని మాయం కాదు.

ప్రీమియం ఒక్కటే ఇంటి ఖర్చు కాదని కూడా గుర్తుపెట్టుకోవాలి. పాలసీ ఉన్నా, ఏటా కొంత మొత్తం దాకా వైద్యం ఖర్చు మనమే పెట్టుకోవాలి. దాన్ని డిడక్టిబుల్ అంటారు. ఆ తర్వాత కూడా కొంత వాటా మనదే. 2026లో ఒక మనిషి ఇట్లా తన జేబులోంచి పెట్టాల్సిన దానికి పై హద్దు 10,600 డాలర్లు. చౌకగా దొరికే 'బ్రాంజ్' పాలసీకి క్రెడిట్ పోను ప్రీమియం ఒక్కోసారి సున్నా అవుతుంది. చూడటానికి బాగుంటుంది. జబ్బు చేసినప్పుడు మాత్రం డిడక్టిబుల్ నడుం విరుస్తుంది. దారిద్ర్యరేఖకు రెండున్నర రెట్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళు సిల్వర్ తీసుకుంటే ఈ చేతి ఖర్చు కూడా తగ్గుతుంది. బ్రాంజ్ తీసుకుంటే ఆ సాయం పోతుంది. లెక్క చెప్పే మనిషి ఇంట్లో లేనివాళ్ళు ఇక్కడే మోసపోతారు.

పెరిగిన సాయం, ఆగిన సాయం

మొదటి చట్టంలో క్రెడిట్ దారిద్ర్యరేఖకు ఒక రెట్టు నుంచి నాలుగు రెట్ల దాకా ఆదాయం ఉన్నవాళ్ళకే. కోవిడ్ కాలంలో, 2021 మార్చిలో, దాన్ని పెంచారు. రేఖకు ఒకటిన్నర రెట్ల లోపు వాళ్ళ వాటా సున్నా చేశారు. నాలుగు రెట్లు దాటిన వాళ్ళకు కూడా వాటా ఆదాయంలో 8.5 శాతం మించకుండా చేశారు. 2022 చట్టం దీన్ని 2025 చివరిదాకా పొడిగించింది. ఫలితం కళ్ళకు కనబడింది. ఈ బజారులో బీమా తీసుకున్నవాళ్ళు 2021లో సుమారు కోటి ఇరవై లక్షలు ఉంటే 2025 నాటికి రెండు కోట్ల నలభై లక్షలయ్యారు. పెరుగుదల టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లోనే ఎక్కువ. 2010 తర్వాత నల్లజాతి వాళ్ళలో బీమా లేనివాళ్ళ శాతం రమారమి సగానికి పడిపోయింది. కాబట్టి ఈ క్రెడిట్ ఉత్త కంటితుడుపు అని మేము అనం. పేదవాడికి సాయం పెంచితే పేదవాడు వచ్చి తీసుకుంటాడని అది రుజువు చేసింది.

ఆ పెంపు 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాన్ని పొడిగించాలన్న పట్టుదల మీదే 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. అయినా పొడిగింపు లేకుండానే గడువు దాటింది. దీనివల్ల ఇంటి ఖర్చు ఎంత పెరిగిందో లెక్క చూద్దాం.

2026 పాలసీలకు లెక్కగట్టే దారిద్ర్యరేఖ ఒంటరి మనిషికి ఏడాదికి 15,650 డాలర్లు. దానికి రెండు రెట్లు, అంటే 31,300 డాలర్లు సంపాదించే హోటల్ పనిమనిషిని తీసుకోండి. పెంచిన సాయం కింద ఆమె వాటా 2 శాతం, ఏడాదికి 626 డాలర్లు. 2026లో 6.6 శాతం, అంటే 2,066 డాలర్లు. మూడు రెట్ల పైమాటే. జీతం ఒక్క డాలరు పెరగలేదు.

పైన ఉన్నవాళ్ళకు ఇంకో రకం దెబ్బ. నాలుగు రెట్ల హద్దు, 62,600 డాలర్లు, మళ్ళీ వచ్చింది. అరవై ఏళ్ళ చిన్న దుకాణదారుకు కొలబద్ద పాలసీ ధర నెలకు 1,200, ఏడాదికి 14,400 డాలర్లు అనుకుందాం. సరిగ్గా 62,600 సంపాదిస్తే ఆయన వాటా 9.96 శాతం, అంటే 6,235 డాలర్లు. ఇంకొంచెం ఎక్కువ సంపాదించి హద్దు దాటితే మొత్తం 14,400 ఆయనే కట్టాలి. ఎనిమిది వేల డాలర్ల పైచిలుకు తేడా. పేపర్లలో, టీవీల్లో ఈ దుకాణదారు కథ బాగానే వచ్చింది. రావాల్సిందే. కాని ఇంకో హద్దు ఉంది. దాని గురించి చర్చ తక్కువ.

అట్టడుగున ఉన్న గుంత

క్రెడిట్‌కు పైహద్దు ఉన్నట్టే కిందిహద్దు కూడా ఉంది. దారిద్ర్యరేఖ కంటే తక్కువ సంపాదిస్తే క్రెడిట్ రాదు. పేదవాడికి ఎక్కువ రావాలి గదా, అసలే రాకపోవడం ఏమిటి అని మీరు అడుగుతారు. చట్టం రాసినప్పుడు దానికి కారణం ఉండింది. రేఖకు 138 శాతం దాకా ఆదాయం ఉన్న పెద్దవాళ్ళందరినీ మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య పథకంలో చేర్చాలని అదే చట్టం చెప్పింది. కింద మెడికెయిడ్, దాని పైన క్రెడిట్. మధ్యలో సందు ఉండకూడదు.

2012 జూన్‌లో సుప్రీంకోర్టు, మెడికెయిడ్ విస్తరించమని రాష్ట్రాలను బలవంతపెట్టకూడదని తీర్పు చెప్పింది. కొన్ని రాష్ట్రాలు విస్తరించలేదు. 2025 చివరి నాటికి కూడా అట్లాంటివి పది ఉన్నాయి. వాటిలో టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిసిసిపీ, సౌత్ కరోలినా, టెన్నెసీ, ఈ ఏడూ దక్షిణాదివే. ఒకనాడు బానిసలతో పత్తి పండించిన నేలలు. 

మిసిసిపీలో ఇద్దరు ఒంటరి ఆడవాళ్ళను ఊహించుకుందాం. ఒకామె ఏడాదికి 16,000 డాలర్లు సంపాదిస్తుంది. ఆమె వాటా 2.1 శాతం, అంటే 336 డాలర్లు. మిగతాది క్రెడిట్ భరిస్తుంది. ఇంకొకామెకు పని దినాలు తక్కువ దొరికాయి, 12,000 మాత్రమే సంపాదించింది. క్రెడిట్ లేదు. పిల్లలు లేని పెద్దమనిషి కాబట్టి మెడికెయిడ్ కూడా లేదు. పాలసీ ధర నెలకు 500 అనుకుంటే ఏడాదికి 6,000 డాలర్లు, ఆమె సంపాదనలో సగం, పూర్తిగా ఆమే కట్టాలి. కట్టదు. కట్టలేదు. నాలుగు వేల డాలర్లు తక్కువ సంపాదించినందుకు ఆమె కట్టాల్సింది పద్దెనిమిది రెట్లు. ఈ గుంతలో పడినవాళ్ళు పది లక్షలకు పైగానే ఉన్నారు. జనాభాలో తమ వాటాకు మించి ఇందులో ఉన్నది నల్లజాతి వాళ్ళే.

పన్ను దారిలో వచ్చే సాయానికి ఇంకో చిక్కు కూడా ఉంది. ముందే ఇచ్చే క్రెడిట్ కాబట్టి రాబోయే ఏడాది ఆదాయం ఎంతో ముందే చెప్పాలి. ఏడాది చివర పన్ను రిటర్నులో లెక్క సరిచూస్తారు. ఎక్కువ సంపాదించినట్టు తేలితే ఎక్కువ తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. ఇంతకుముందు తక్కువ ఆదాయం వాళ్ళు తిరిగి కట్టే దానికి ఒక హద్దు ఉండేది. 2025 జులైలో వచ్చిన చట్టం 2026 ఆదాయ సంవత్సరం నుంచి ఆ హద్దు తీసేసింది. నెల జీతగాడికి వచ్చే ఏడాది ఆదాయం చెప్పడం కష్టం కాదు. ఇవాళ పని ఉండి రేపు లేని కూలి మనిషి ఏమని రాయాలి? తక్కువ రాస్తే తిరిగి కట్టాలి. ఎక్కువ రాస్తే నెలనెలా వాటా బరువు. మరీ తక్కువ రాస్తే గుంతలో పడాలి.

అక్కడున్న మనవాళ్ళు, ఇక్కడున్న మనం

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళలో ఉద్యోగ వీసా మీద కంప్యూటర్ పని చేసేవాళ్ళకు బీమా సాధారణంగా కంపెనీ ద్వారానే వస్తుంది. 1954 నాటి పన్ను రాయితీ లాభం వాళ్ళది. వాళ్ళ తల్లిదండ్రుల సంగతి వేరు. గ్రీన్‌కార్డు మీద పోయిన పెద్దవాళ్ళకు అక్కడ పనిచేసిన చరిత్ర లేకపోతే మొదటి ఐదేళ్ళు వృద్ధుల పథకం మెడికేర్ కొనుక్కునే వీలు లేదు. వాళ్ళకు ఈ క్రెడిట్ బజారే దిక్కు. 2025 చట్టం ప్రకారం 2027 నుంచి గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు, ఇంకా ఒకటి రెండు తరగతుల వాళ్ళు తప్ప మిగతా వలసదారులకు, ఉద్యోగ, విద్యార్థి వీసాల వాళ్ళతో సహా, క్రెడిట్ ఉండదు. ఉద్యోగం పోయిన నాడు ఈ సంగతి తెలిసొస్తుంది.

మన దగ్గర క్రెడిట్ లేదు, మినహాయింపే ఉంది. అదీ పాత పన్ను పద్ధతి ఎంచుకున్న వాళ్ళకే. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా కొనుక్కునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. పాలసీ కొనగలిగినవాళ్ళకు మంచిదే. కొనలేనివాళ్ళకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. దాని వల్ల గుండె ఆపరేషన్లు జరిగిన పేదలు మన వాడల్లోనే ఉన్నారు. మేము కాదనం. కాని అది ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకొని చేసే చికిత్సకే. షుగరు మాత్రలు, పుండుకు కట్లు, రక్త పరీక్షలు, ఆటో కిరాయి, పోయిన కూలి, ఇవన్నీ ఇంటి మీదే. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచే పెట్టారు. మా మిత్రురాలి తల్లి కమ్మలు ఆ 39.4 శాతంలో ఉన్నాయి.

వేరే దారి మనకు తెలియనిది కాదు. వైస్రాయి కౌన్సిల్‌లో డాక్టర్ అంబేద్కర్ కార్మిక శాఖ చూస్తున్న రోజుల్లో, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా గురించి ఆదార్కర్‌ను నివేదిక అడిగారు. దాని మీదే 1948 ఈఎస్ఐ చట్టం వచ్చింది. యజమాని కొంత, కార్మికుడు కొంత కడితే, దవాఖాన, డాక్టరు, మందులు నేరుగా దొరుకుతాయి. బయటి రోగి వైద్యం కూడా అందులో ఉంది. పన్ను రిటర్ను అక్కరలేదు. కాని ఫ్యాక్టరీ కార్మికుడి దాకా వచ్చిన ఆ చట్టం వ్యవసాయ కూలి దగ్గరికి రాలేదు. అమెరికాలో 1935లో ఎవరిని వదిలేశారో ఇక్కడా వాళ్ళనే వదిలేశారు.

అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

రేపు మన దేశంలో కూడా బీమాకు క్రెడిట్ ఇస్తామని ఎవరైనా అనవచ్చు. మినహాయింపు కంటే అది నయమే. అప్పుడు చప్పట్లు కొట్టేముందు మనం ఈ ప్రశ్నలు అడగాలి. పన్ను కట్టేంత ఆదాయం లేనివాడికి ఇందులో ఏముంది? కిందిహద్దు ఎక్కడ పెట్టారు, ఆ హద్దు కింద ఉన్నవాళ్ళను చూసుకునే పథకం రాష్ట్రం వద్దంటే ఆగిపోయేదా? ఆదాయం రోజుకో తీరుగా ఉండే కూలి మనిషి ఏ కాగితం చూపించాలి, లెక్క తప్పితే ఎవరు కట్టాలి? ప్రీమియం తగ్గినా డాక్టరు గడప దగ్గర ఆ ఇల్లు ఎంత పెట్టాలి?

విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఒక మనవి. మీ వాడలో పది ఇళ్ళు తీసుకొని ఒక్క ఏడాది వైద్యం ఖర్చు రాయండి. ఎంత ఆసుపత్రిలో చేరినందుకు, ఎంత మందులకు, ఎంత మిత్తికి అయ్యిందో విడివిడిగా రాయండి. ఏ ఖర్చుకు ఏ పథకంలో గడి ఉందో పక్కన గుర్తు పెట్టండి. ఆ పట్టిక చేతిలో లేకుండా బడ్జెట్ మీద మనం మాట్లాడే మాట ఎవరూ వినరు. మా మిత్రురాలు తన ఇంటి లెక్కతో ఆ పని మొదలుపెట్టింది. మొదటి వరుసలో తండ్రి పుండుకు కట్టిన కట్ల ఖర్చు ఉంది, ఎదురుగా గడి ఖాళీగా ఉంది. కమ్మలు ఇంకా విడిపించలేదు.